బోర్లించిన స్పూను

ఫిబ్రవరి 9

ఈ డైరీ రాయడానికి కొనలేదు. అట్ట బాగుందని కొన్నాను. ఆలివ్ గ్రీన్, అంచులకి రాగి రంగు. కొత్త టేబుల్ ల్యాంప్ పక్కన పెడితే ఫొటోలో అదిరింది. ఫొటో అయిపోయింది. ఇక ఖాళీగా ఉంచడం ఎందుకని రాస్తున్నాను.

ప్రస్తుతం నా పిచ్చిలు: వాటర్ కలర్స్ (జనవరి నుంచి), మాక్రమే (తాళ్ళతో అల్లే బొమ్మలు; ఆగిపోయింది, సగం అల్లిన గుడ్లగూబ తలుపు వెనక వేలాడుతోంది), రూమ్ డెకార్ (ఉధృతంగా ఉంది). బేకింగ్‌ని పిచ్చి అనకూడదు. పిన్ని ఇంట్లో ఉన్నవాళ్ళకి అది తప్పదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. కాలేజీ దగ్గరని రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. కింద వీధి వైపు బేకరీ, దాని వెనక వంటగది, పైన మేము. బాబాయి పోయినప్పటి నుంచీ పిన్నీ, మాస్టరూ కలిసి నడుపుకొస్తున్నారు. మాస్టర్ అంటే ఓవెన్ దగ్గర పనిచేసే ఆయన. పదకొండేళ్ళుగా ఉన్నాడు. అందరూ మాస్టర్ అనడమే తప్ప ఆయన పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు.

పిన్ని నన్ను ముచ్చట అని పిలుస్తుంది. మూణ్ణాళ్ళ ముచ్చటకి షార్ట్ ఫామ్. నాకు కోపం రాదు, నిజమే కదా.

ఫిబ్రవరి 12

గుడ్లగూబని విప్పేశాను. ఆ తాడుతో పూలకుండీకి ఉట్టి అల్లుదామని. అది కూడా సగమైంది.

ఫిబ్రవరి 18

పిన్నికి జ్వరం తగ్గి నాలుగు రోజులైంది కానీ ఏదో తేడాగా ఉంది. పొద్దున పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొడుతుంటే నేను గదిలోంచి పరుగెత్తుకొచ్చాను. పిన్ని స్టవ్ పక్కనే నిలబడి తాపీగా జడ వేసుకుంటోంది.

సాయంత్రం నన్ను పిలిచి, తలుపు వేసి చెప్పింది. వాసన తెలియడం లేదట. రుచీ అంతే. పంచదార వేసుకుంటే తీపి అని మాత్రం తెలుస్తుంది, అంతకు మించి ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉందట. డాక్టర్‌కి చూపించుకుంది. వాసన నరం దెబ్బతింది, తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. చెప్పి, వెనిల్లా సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. అప్పుడు నవ్వలేదు.

ఎవరికీ చెప్పొద్దంది. వాసన తెలియని మనిషి చేసిన కేకు ఎవడు కొంటాడే అంది. మాస్టర్‌కి కూడానా అంటే, ముఖ్యంగా ఆయనకే వద్దంది. ఆయనకి పని నేర్పింది పిన్నే. నేర్పినవాళ్ళు నేర్చుకున్నవాళ్ళ ముందు లోకువైపోతే ఇక ఆ వంటగదిలో నిలబడలేరట.

ఫిబ్రవరి 20

ఇవాళ్టి నుంచి పిన్నికి ముక్కూ నాలుకా నేనే. నియామకం జరిగిపోయింది.

ఏర్పాటు ఇలా. నా గది కిటికీ కింద వంటగది పెరడు. పాల ప్యాకెట్లు పైకి లాక్కోవడానికి తాడు కట్టిన బుట్ట ఎలాగూ ఉంది. నేను ఇంట్లో ఉన్న వేళల్లోనే పిండి కలిపి, ప్రతిసారీ పిన్ని ఓ స్పూనుడు బుట్టలో పెట్టి గంట కొడుతుంది. నేను లాక్కుని నాకుతాను. బాగుంటే స్పూను కడిగి, బోర్లించి దించాలి. ఏదైనా తేడాగా ఉంటే వెల్లకిలా పెట్టాలి. అప్పుడు పిన్ని ఏదో వంక పెట్టుకుని పైకొస్తుంది, నేను చెవిలో చెబుతాను. చెయ్యి నాది, నాలుక నీది, ఇద్దరం కలిస్తే ఒక మనిషి అంది పిన్ని.

మాస్టర్‌కి ఇది గారాబంలా కనిపిస్తోంది. కాలేజీకి వెళ్ళే పిల్లయినా పాపగారికి పిండి నాకే అలవాటు పోలేదు అని నవ్వాడట. నవ్వుకోనీ.

మార్చి 3

వెల్లకిలా రెండుసార్లు. మొదటిది సోడా ఎక్కువై సబ్బు రుచి. రెండోది గుడ్డు నీచు వాసన. రెండూ పట్టేశాను. పిన్ని నా బుగ్గ గిల్లి, ముచ్చట కాదే, నువ్వు నా ముక్కుపుడకవి అంది. రోజంతా గాల్లో తేలాను.

మార్చి 19

గంట మోగితే విసుగొస్తోంది. రోజుకి ఆరుసార్లు. పొద్దున బ్రష్ పట్టుకున్నప్పుడే మోగుతుంది. పిండి పిండిలాగే ఉంటుంది, ప్రతిసారీ బాగానే ఉంటుంది. ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 30

కాలేజీ డిజైన్ క్లబ్ వాళ్ళు 'నా గది' అని పోటీ పెట్టారు. ఒక గోడని మార్చి, ముందూ తర్వాతా ఫొటోలు పంపాలి. ఏప్రిల్ 6 మధ్యాహ్నం పన్నెండు లోపు. మంచం వెనక గోడ మీద పెద్ద ఆర్చి వేస్తాను, టెర్రకోటా రంగు, దాని ముందు పూలకుండీ ఉట్టి. (ఉట్టి పూర్తి చేయాలి.)

ఏప్రిల్ 6, ఉదయం 7.10

మొదటి కోటు ఆరింది. రెండోది ఎనిమిదికి వేస్తా. రంగు పక్కకి పోకుండా అంచులకి మాస్కింగ్ టేప్ అతికించాను. అసలు కిటుకంతా అందులోనే ఉంది. రంగు పూర్తిగా ఆరకముందే టేప్ పీకాలి. ముందు పీకితే కారుతుంది, ఆలస్యమైతే రంగు పొరలా లేచొస్తుంది. ఆ పది నిమిషాలే ప్రాణం.

కింద కూడా హడావిడే. పెద్దాసుపత్రి క్యాంటీన్ నుంచి ఆర్డరు వచ్చింది, నర్సుల వార్షికోత్సవానికి వాల్‌నట్ కేకు, రెండొందల నలభై ముక్కలు. ఇది నచ్చితే రోజూ కేకులు మన దగ్గరే తీసుకుంటారట. పిన్ని నాలుగింటికే లేచింది.

ఏప్రిల్ 6, ఉదయం 11.50

పంపేశాను. కత్తితో కోసినట్టు వచ్చింది అంచు. ఆర్చి చూస్తే నాకే నమ్మకం కలగడం లేదు.

సరిగ్గా టేప్ పీకుతున్నప్పుడే గంట మోగింది. ఆగుతుందిలే అనుకున్నా. మళ్ళీ మోగింది. ఒక చేతిలో టేపు, ఇంకో చేతికి రంగు. బుట్ట లాగాను, స్పూను తీసి బ్రష్‌లు కడిగే మగ్గులో ముంచి తుడిచి, బోర్లించి దించేశాను. పది సెకన్లు పట్టి ఉంటుంది. టేప్ మాత్రం ఒక్క చోట కూడా చెదరలేదు.

ఏప్రిల్ 7

క్యాంటీన్ మేనేజర్ స్వయంగా వచ్చాడు. వెనక ఆటోలో ట్రేలు. ఒక్కో ముక్కా ఒక్క కొరుకు కొరికి వదిలేశారట. ఎవరికీ జబ్బు చేయలేదు, అదొక్కటే దేవుడి దయ. తినేదాంట్లో పెయింట్ కలిపారేమిటమ్మా అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు. పిన్ని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఏమీ తెలియదు కదా, అయినా తలవంచుకుని, అవునండీ, పొరపాటు జరిగింది అంది.

నేను కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను.

ఏప్రిల్ 8

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

మొన్న పొద్దున కొత్త వాల్‌నట్ సంచీ విప్పగానే మాస్టర్ అన్నాడట, అమ్మగారూ, గింజలు తేడాగా ఉన్నాయి, పెయింట్ డబ్బాలా నూనె కంపొస్తోంది అని. పిన్ని గింజలు దంచి పిండిలో కలిపించి నాకు పంపింది. స్పూను బోర్లా వచ్చింది. పిన్ని ఆయనతో, నాకు తెలుసులే, బాగానే ఉన్నాయి, కానివ్వు అంది. ఆయన కానిచ్చాడు.

ఇవాళ పిన్ని తన లెక్కలో తను ఆలోచించింది. ముచ్చట బాగుందంది, అంటే పిండి బాగుంది. బాగున్న పిండి కేకయ్యేసరికి ఎలా పాడవుతుంది? స్పూను పంపాక మిగతా పిండి కలిపింది మాస్టర్. పాత గింజలేవో దాంట్లో పోసి, కొత్తవి పక్కకి తప్పించాడు. పొద్దున్నే తేడాగా ఉన్నాయని అన్నాడే, అది ముందుగా వేసుకున్న నాటకం.

పనివేళలో, కొనడానికి వచ్చిన ఇద్దరి ముందు అడిగింది. ఆయన లేదన్నాడు. పిన్ని గొంతు పెంచింది. పదకొండేళ్ళు అన్నం పెట్టిన ఇంటి వాసాలు లెక్కపెట్టావు అంది. ఆ మాటకి ఆయన ఏప్రన్ విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టాడు. కొక్కేనికున్న చొక్కా తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. నేను మెట్ల మీద ఉన్నాను. నన్ను దాటుతూ, వస్తానండీ పాపగారూ అన్నాడు.

నేను తల ఊపాను. నోరు పడిపోయిందా అంటే లేదు. చక్కగా పనిచేస్తోంది. ఆ తర్వాత అన్నం కూడా తిన్నాను.

ఏప్రిల్ 9

ఒక సాకు దొరికింది. గదంతా రంగు వాసన కదా, నాకినా నాకు తెలిసేది కాదేమో. అంటే నాకకపోవడం వల్ల కొత్తగా వచ్చిన నష్టం లేదు.

చెత్తబుట్టలోంచి ఓ ముక్క తీసి, గదిలోకి తెచ్చి, రంగు డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుని కొరికాను. నాలుకకి తగలగానే తెలిసిపోయింది. చంటిపిల్లలైనా ఉమ్మేస్తారు.

ఏప్రిల్ 11

నా గోడకి రెండో బహుమతి.

ఏప్రిల్ 13

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అమ్మ, పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఇప్పుడు చెబితే నీకూ దానికీ మనశ్శాంతి ఉండదు, పరీక్షలయ్యాక చూద్దాం అంది. అమ్మ సరిగ్గా ఇదే అంటుందని తెలిసే అమ్మకి చేశాను. ఇంకెవరికైనా చేస్తే ఇంకోలా చెప్పేవాళ్ళు.

ఏప్రిల్ 17

కొత్తాయన వచ్చాడు. వచ్చినవాడికి ఓవెన్ అంతుచిక్కడం లేదు. ఎడమ వైపు మాడుతుంది, కుడి వైపు పచ్చిగా ఉంటుంది. మాస్టర్‌కి దాని పోకడ తెలుసు, ట్రేలు ఎప్పుడు తిప్పాలో గడియారం చూడకుండానే తిప్పేవాడు.

ఇప్పుడు ప్రతి స్పూనూ నాకుతున్నాను. కళ్ళు మూసుకుని, రెండుసార్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఏప్రిల్ 22

మొదటి పేపర్ బాగా రాశాను. అదే సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 29

గింజలు అమ్మిన హోల్‌సేల్ ఆయన దుకాణానికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ఆ లోడంతా పాడైందట, గోడౌన్‌లో వేడికి ఎందుకూ పనికిరాకుండా పోయిందట. నలుగురైదుగురు సంచులు తిప్పి పంపారట, మీరొక్కరే పంపలేదేంటమ్మా అని అడిగాడు.

ఆయన వెళ్ళాక పిన్ని బల్ల మీద చేతులానించి కూర్చుంది. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు అడుగుతుంది, చెప్పేస్తాను, అనుకున్నాను. పిన్ని లేచొచ్చి నా గడ్డం పట్టుకుని పైకెత్తి, కంగారుగా అడిగింది. ఏమే, నీకు కూడా ఈ మధ్య జ్వరం గానీ వచ్చిందా, నాకు చెప్పలేదా అని.

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. సంచీ మొదటినుంచే పాడైనదైతే నాకు తెలిసి ఉండాలి. తెలియలేదు. అంటే నా ముక్కు కూడా పోయింది. నేను అబద్ధమాడి ఉంటానన్నది ఆవిడకి తట్టనే లేదు.

నా నుంచే నీకు అంటుకుందేమో తల్లీ అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టర్ దగ్గరికి పోదాం అంది. నేను పరీక్షలున్నాయి అన్నాను.

మే 2

చివరి పేపర్ అయిన గంటకి నన్ను తీసుకెళ్ళింది. పిన్ని చూపించుకున్న డాక్టరే. కళ్ళు మూసుకోమని, చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమన్నాడు.

మొదటిది కాఫీ పొడి. మంచి వాసన.

ఇక్కడ దాచడానికేముంది. ఆ ఒక్క క్షణం నాకు దారి కనిపించింది. తెలియడం లేదు అంటే చాలు. నా తప్పుండదు. జ్వరానిదే తప్పు. పిన్ని నన్ను ఇంకా ఎక్కువ దగ్గరికి తీసుకుంటుంది. డాక్టర్ మళ్ళీ అడిగాడు. పక్క కుర్చీలోంచి పిన్ని గొంతు సన్నగా వినబడింది. చిన్నపిల్లండీ, ఎన్ని తినాల్సి ఉందో, నాదెలాగూ పోయింది, దీనికి మాత్రం ఏదో ఒకటి చెయ్యండి అంటోంది.

కాఫీ అన్నాను. తర్వాత సబ్బు, నారింజ తొక్క, లవంగం. నాలుగూ చెప్పాను. ముక్కు ఫస్ట్ క్లాసుగా ఉందన్నాడు డాక్టర్. పిన్ని హమ్మయ్య అనుకుని నా తల నిమిరింది.

రెండంతస్తుల మెట్లు దిగాలి. పై అంతస్తులో పిన్ని నా చెయ్యి పట్టుకునే ఉంది. కింది అంతస్తులో వదిలేసింది. కింద గేటు దగ్గర ఆగి, అడగలేదు, చెప్పింది. ఆ రోజు నువ్వు నాకలేదు.

లేదన్నాను. టేప్ గురించి చెప్పాను. గోడ గురించి, పన్నెండు గంటల గడువు గురించి. బయటికి చెబుతుంటే ఎంత చిన్న కారణమో నాకే వినిపించింది. పిన్ని అంతా విని, నాకడానికి తీరిక లేదు, సరే, చెప్పడానికి కూడా ఇరవై ఆరు రోజులు తీరిక లేదా అంది.

బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

మే 4

పిన్ని మాస్టర్ ఇంటికి వెళ్ళొచ్చింది. ఒక్కతే వెళ్ళింది. వచ్చాక నాతో చెప్పాల్సిన అవసరం లేదు, అయినా చెప్పింది. ముందు తన ముక్కు సంగతి చెప్పి, తర్వాత క్షమించమని అడిగిందట. ముక్కు సంగతి తెలుసన్నాడట ఆయన.

ఫిబ్రవరి నుంచే తెలుసట. ఓవెన్ గుడ్డ రాజుకుని పొగ వస్తుంటే మీరు దాని పక్కనే నిలబడి ఆర్డర్లు రాసుకుంటున్నారమ్మా, అప్పుడే తెలిసింది, మీరు దాచుకుంటున్నారు కదా, నేను బయటపెడితే బాగుండదని ఊరుకున్నాను అన్నాడట. అప్పటి నుంచీ పొద్దున్నే వచ్చి, పాలూ వెన్నా గుడ్లూ అన్నీ పిన్ని కంటే ముందు తనే వాసన చూసి, బాగాలేనివి చప్పుడు కాకుండా పారేసేవాడట. సంచీ ఒక్కటే పిన్ని ముందు విప్పాల్సొచ్చింది. అందుకే ఆ రోజు నోరు తెరిచి చెప్పాడు.

మళ్ళీ రమ్మని అడిగిందట. మార్కెట్ దగ్గర పెద్ద బేకరీలో కుదురుకున్నానన్నాడట. అది వదిలేయమంటే, కోపం లేదమ్మగారూ, కానీ ఇక మీ వంటగదిలో గుప్పెడు పంచదార తగ్గినా నా జేబు నేనే తడుముకుంటాను, అలా పని చేయలేను అన్నాడట.

పిన్ని ఇదంతా గోడ వైపు చూస్తూ చెప్పింది. చెప్పి పడుకుంది. మధ్యాహ్నం మూడింటికి పిన్ని పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే 9

పెద్ద బేకరీకి వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర నిలబడితే మాస్టర్ వచ్చాడు, మోచేతుల దాకా పిండి. బస్సులో తయారుచేసుకున్నవన్నీ మర్చిపోయి, నావల్లే అన్నాను. అమ్మగారు చెప్పారండీ అన్నాడు. క్షమించండి అన్నాను. పరీక్షలు బాగా రాశారా పాపగారూ అని అడిగాడు. రాశానన్నాను. లోపల ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలిచారు. ఆయన పేరు అలా తెలిసింది. ఇక్కడ రాయను, ఇప్పుడు రాసేస్తే ఏదో మర్యాద చేసినట్టు అనిపిస్తుంది నాకు.

మే 16

గంట మోగడం లేదు. కొత్తాయనకే వాసన చూడమని చెప్పేసింది పిన్ని, ముక్కు సంగతి దాచకుండా. ఆయన మూడోరోజే వీధంతా చెప్పాడు. ఇద్దరు పుట్టినరోజు కేకుల వాళ్ళు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు.

మే 27

కొత్తాయన మానేశాడు.

జూన్ 5

పిన్ని నిర్ణయించుకుంది. ఇక ఇక్కడ ఏదీ చేయదు. పెద్ద బేకరీ నుంచి బ్రెడ్డూ బన్నూ తెప్పించి ముందు కొట్లో అమ్ముతుంది, అంతే. నేను ఏడ్చాను. నేను నేర్చుకుంటాను, నేను నడుపుతాను, కాలేజీ మానేస్తాను అన్నాను. ఎన్నాళ్ళు అని అడిగింది పిన్ని. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

ముచ్చట అని పిలవడం మానేసింది. ఇప్పుడు నా అసలు పేరే పిలుస్తోంది.

జూన్ 11

పొద్దున బ్రెడ్డు వచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. పిండి మడిచిన ఆ తీరు మాస్టర్ చేతిదే, నాకు తెలుసు. పిన్ని ఒకటి తీసుకుని రెండు చేతులతో పట్టుకుని వేడి చూసింది. కొట్లో పెట్టింది. పదింటికల్లా అయిపోయాయి.

జూన్ 14

నలుగురొచ్చి ఓవెన్ మోసుకెళ్ళారు. ఎడమ వైపు వేడెక్కువ, పన్నెండో నిమిషానికి ట్రే తిప్పాలి అని పిన్ని వాళ్ళకి మూడుసార్లు చెప్పింది. వాళ్ళు లారీ వాళ్ళు, వాళ్ళకేం తెలుసు. అయినా సరేనమ్మా అన్నారు.

ఓవెన్ ఉన్నచోట గోడ మీద మనిషంత నల్లటి మచ్చ మిగిలింది. రంగు వెయ్యమంది పిన్ని. ఏ రంగు అని అడిగాను.

నీ ఇష్టం అంది.